పచ్చి సిమెంటు

గంగరాజు మేస్త్రీకి సిమెంటు గురించి తెలియని సంగతంటూ లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, ఆయనే అన్నది. అలాగని ఊళ్ళోవాళ్ళెవరూ కాదనలేదు కూడా. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల మేస్త్రీలంతా గానుగ సున్నాన్ని వదలని రోజుల్లోనే, ఇంగ్లీషు సీమ నుంచి పీపాల్లో దిగిన ఆ బూడిదరంగు పొడిని ఆయన చేతిలోకి తీసుకున్నాడు. కాలవల మీద లాకులు, తూములు, ఆకివీడు వైపు రెండు వంతెనలు కట్టాడు. నీళ్ళలో నిలబడాల్సిన పని ఏదొచ్చినా ఓవర్సీర్లు ముందు ఆయనకే కబురుపెట్టేవారు. మనిషి పొడుగూ కాదు, లావూ కాదు. కానీ తాను కట్టిన లాకు మీద నిలబడి కిందికి చూస్తున్నప్పుడు మాత్రం, ఆ కాలవ తన తాతగారు తవ్వించిందే అన్నట్టు ఉండేవాడు.

అంత తెలిసినవాడు కనకనే అంత పని చేశాడు. ఏమీ తెలియనివాడైతే డాక్టరు చెప్పింది చెప్పినట్టు విని ఇంటికొచ్చి ఊరుకునేవాడు. అప్పుడు చెప్పుకోవడానికి కథే ఉండేది కాదు.

ఆయన భార్య నాగరత్నం కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. పుట్టింట ఉన్నప్పుడు ఆమె పడవలో కూర్చుని నవ్విందంటే, అవతల పడవలో వల లాగేవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేవారట. పెళ్ళిచూపులనాడు గంగరాజు ఆమె మొహం సరిగ్గా చూడనేలేదు. లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది, అది చాలనుకున్నాడు. ఆ విషయంలో మాత్రం ఆయన అంచనా తప్పలేదు.

ఆ నవ్వు పోయింది కూడా ఆయన చేతిమీదుగానే. పన్నెండేళ్ళ కిందట, ఆకివీడు దగ్గర కొత్త తూము కడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం నాగరత్నం అన్నం గిన్నె పట్టుకుని పని దగ్గరికి వచ్చింది. గంగరాజు పదిహేను అడుగుల ఎత్తున పరంజా మీద ఉన్నాడు. గోడ తిన్నగా లేచిందో లేదో చూసుకోవడానికి తాడుకి కట్టిన ఇత్తడి తూకం గుండును కిందికి వేలాడదీసి, ఒంటికన్నుతో చూస్తున్నాడు. భార్యను చూసి చెయ్యి ఊపాడు. ఊపిన చేతిలోనే తాడు ఉంది.

గుండు ఆమె నోటిమీద పడింది. పెదవి చిట్లింది, పైవరసలో నడిమి పన్ను సగానికి ఏటవాలుగా విరిగిపోయింది. గంగరాజు పరంజా దిగి వచ్చేసరికి చుట్టూ జనం మూగారు. ఓవర్సీరు కూడా వచ్చాడు. గంగరాజుని పెద్ద మేస్త్రీని చేసి అప్పటికి పట్టుమని నెల కాలేదు. "ఏమైందమ్మా?" అని ఓవర్సీరు అడిగితే, నాగరత్నం కొంగు నోటికి అదుముకునే, "మెట్టు జారి పడ్డానండి" అంది. గంగరాజు నోరు విప్పబోయి, విప్పకుండా ఊరుకున్నాడు. ఒక్క నిమిషం ఊరుకుందామనుకున్నాడు. పన్నెండేళ్ళయింది.

ఊరంతటికీ అదే మాట, కూతురు తులసికీ అదే మాట. ఆఖరికి ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు కూడా, ఆ పన్ను ప్రస్తావన వస్తే, "ఆ మెట్టు దగ్గర నాచు ఎక్కువగా ఉండేది" అనేది నాగరత్నం. గంగరాజు "ఆఁ" అనేవాడు. ఆమె ఒక్కసారీ ఆయన్ని దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండునని ఆయనకి చాలాసార్లు అనిపించింది. కానీ నవ్వొచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి దానంతటదే లేచి కొంగును నోటికి అడ్డం పెట్టేది. కొంగు చాటున నవ్వే నవ్వుకి చప్పుడుండదు. ఆ నిశ్శబ్దం వినపడినప్పుడల్లా మేస్త్రీ ఏదో పనున్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

జంగారెడ్డిగూడెంలో కాపురముంటున్న తులసి, నాలుగేళ్ళ కూతురిని తీసుకుని రెండు నెలలు ఉందామని పుట్టింటికి వచ్చింది. ఆ పిల్ల అమ్మమ్మను వదలకుండా తిరిగేది. ఒకరోజు గంగరాజు గడ్డం గీసుకుంటూ బుగ్గ మీద సబ్బు నురగతో ఏదో వెక్కిరిస్తే పిల్లకి నవ్వొచ్చింది. వెంటనే తన గౌను అంచు పైకెత్తి నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా నవ్వింది.

"అదేంటే, అలా నవ్వుతావు?" అన్నాడు గంగరాజు.

"నవ్వేటప్పుడు ఇలా పెట్టుకోవాలి తాతయ్యా. అమ్మమ్మ పెట్టుకోదా?"

గంగరాజు చేతిలో కత్తి ఆగిపోయింది. సగం గీసిన గడ్డంతోనే లోపలికి వెళ్ళి, "రేపు ఏలూరు వెళ్దాం రత్నం. అక్కడ కలకత్తాలో చదివొచ్చిన పళ్ళ డాక్టరు ఉన్నాడట" అన్నాడు. ఆమె ఎందుకండీ అంది, ఈ వయసులో నాకెందుకండీ అంది, బియ్యం నానబోశానండీ అంది. ఏదీ పనిచెయ్యలేదు.

ఏలూరులో కాలవ ఒడ్డున మేడ కింద రెండు గదుల్లో ఉండేది డాక్టరు ఎలీయాజరు గారి ఆస్పత్రి. ఆయనకి ముప్ఫయ్యేళ్ళుంటాయి. మిషను బడిలో పంతులు గారి అబ్బాయి, మెత్తటి మాట, అంతకంటే మెత్తటి చెయ్యి. నాగరత్నాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న అద్దం నోట్లో పెట్టి చూసి, "వేరు గట్టిగా ఉందమ్మా. ఎలా విరిగింది?" అన్నాడు.

"మెట్టు జారి పడ్డాను బాబూ."

గంగరాజు మెడ ఎత్తి పైకప్పు కేసి చూశాడు. ఆ పూత ఎక్కడెక్కడ బీటలిచ్చిందో సరిగ్గా ఆ క్షణంలోనే లెక్కపెట్టాల్సినంత అవసరం వచ్చిందాయనకి.

డాక్టరు ఆ విరిగిన పన్నును చుట్టూ అరగదీసి, అచ్చు తీసుకుని, మద్రాసు పంపించి, దాని మీదికి సరిపడే పింగాణీ తొడుగు కాల్పించి తెప్పించాడు. మూడు వారాలకి ఉత్తరం రాశాడు, దంపతులు మళ్ళీ పాసింజరెక్కి వచ్చారు. అరచేతిలో పెట్టి చూపించిన ఆ తొడుగు చూస్తే మేస్త్రీకి ముచ్చటేసింది. గోరంత ఉంది. పక్క పళ్ళ రంగే, ఆ పాలిపోయిన పసుపుతో సహా.

"ఇది దేంతో నిలబడుతుందండీ?" అని అడిగాడు.

"సిమెంటుతోనండి" అన్నాడు డాక్టరు.

ఆ ఒక్క మాటతో గంగరాజు నిటారుగా కూర్చున్నాడు. అప్పటిదాకా ఆస్పత్రిలో తాను రోగి మొగుడు. ఇప్పుడిక ఆ గదిలో తానొక పెద్దమనిషి.

"సిమెంటేనా?"

"సిమెంటేనండి. అయితే మీరు వాడేది కాదు, పళ్ళకి వేరే ఉంటుంది."

రెండో వాక్యం ఆయన చెవిని తాకి అటే పోయింది. కుర్చీ ముందుకు లాక్కుని పని చూడడం మొదలుపెట్టాడు. డాక్టరు మందమైన గాజు పలకను చల్లటి నీళ్ళలో ముంచి తీసి, తడి లేకుండా గుడ్డతో తుడిచాడు. దాని మీద రెండు చుక్కల ద్రవం వేసి, వెంటనే సీసా బిరడా బిగించేశాడు. ఈ కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ, మూత తీసి ఉంచితే పాడైపోతుందని చెప్పాడు. తెల్లటి పొడిని కొద్దికొద్దిగా ఆ ద్రవంలోకి లాగుతూ పలకంతా తిప్పి తిప్పి నూరాడు.

"తొడుగు లోపల గాట్లు పెట్టారా?" అన్నాడు గంగరాజు. "నున్నటి గోడకి పూత పట్టదండీ. మేమైతే ఉలితో గాట్లు పెడతాం."

డాక్టరు తలెత్తి చూశాడు. ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "బయటే నునుపండీ, లోపల గరుకుగానే ఉంటుంది. మీరన్నది నిజమే. ఈ సిమెంటు జిగురులా అంటుకోదు. ఆ గరుకులోకి దూరి పట్టుకుంటుంది."

"ఇంత పల్చగా పూశారేం?"

"పల్చగా ఉంటేనే పట్టు గట్టిగా ఉంటుందండి."

"అదీ మాట" అన్నాడు మేస్త్రీ. "ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు ఎంత సన్నగా ఉంటే గోడ అంత బలం." పరీక్షలో కుర్రాడు నెగ్గాడన్నట్టు తలూపాడు.

డాక్టరు పన్ను చుట్టూ దూది సర్ది, తొడుగు ఎక్కించి, వేలితో కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి అంచుల్లో మిగిలినదాన్ని గీకి తీసేసి, దూది లాగేసి, "అయిపోయిందమ్మా. ఒక గంట ఏమీ తినకండి" అన్నాడు. అద్దం చేతికిచ్చాడు. నాగరత్నం చూసుకుంది. నవ్వలేదు గానీ, కొంగు కూడా ఎత్తలేదు.

వరండాలోకి రాగానే గంగరాజు ఆగాడు. అక్కడ బల్ల మీద మంచినీళ్ళ కుండ, పక్కన గ్లాసు ఉన్నాయి. ఆయనకి డాక్టరు మీద జాలేసింది. అంతా బాగా చేశాడు, పలక చల్లబరిచాడు, పల్చగా పూశాడు, కానీ అసలు సంగతి చెప్పడం మరిచిపోయాడు. సిమెంటు పనికి నీళ్ళు కట్టాలి కదా. వారం రోజులు తడపకుండా ఎండగడితే ఏ సిమెంటు నిలుస్తుంది? పాపం, చిన్నవాడు.

గ్లాసు నింపి భార్య చేతిలో పెట్టాడు. "పుక్కిట పట్టు."

"గంటసేపు ఏమీ తినొద్దన్నారు కదండీ."

"తినొద్దన్నాడు. తడపొద్దన్నాడా?"

నాగరత్నం భర్త మొహం చూసింది, గ్లాసు చూసింది. సిమెంటు విషయంలో ఆయన మాటకి ఓవర్సీరే ఎదురు చెప్పడు, తనెంత? నీళ్ళు పుక్కిట పట్టింది.

రైల్లో కూజా వెంట ఉంది. దెందులూరులో ఉమ్మించి మళ్ళీ పట్టించాడు, భీమడోలులో మళ్ళీ, పూళ్ళలో మళ్ళీ. ఇంటికొచ్చాక గంటకోసారి. అన్నం తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ తప్ప వారం రోజులు ఆ ఇల్లాలు రెండు బుగ్గలూ ఉబ్బించుకునే తిరిగింది. పక్కింటి రాజ్యం వచ్చి పలకరిస్తే బదులు లేదు. అమ్మగారు మౌనవ్రతం పట్టారని రాజ్యమే వీధంతా చెప్పింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళారు. నాగరత్నం వద్దని చెబుదామంటే నోటినిండా నీళ్ళు.

ఎనిమిదో రోజు గంగరాజు ఇనప గరిట కాడతో ఆ పన్నును సుతారంగా తట్టి, చెవి పెట్టి విని, "రాయి" అని తీర్పు చెప్పాడు. ఆ చెవి పెట్టి వినే ఆయన మొహం చూసి నాగరత్నం నవ్వింది.

చెయ్యి అలవాటుగా లేచింది, సగం దూరం వచ్చి, ఏమీ తోచక అక్కడే ఆగి, దిగిపోయింది. నవ్వు మాత్రం ఆగలేదు. వాకిట్లో ఆడుకుంటున్న మనవరాలు లోపలికి పరిగెత్తుకొచ్చి, అమ్మమ్మని వింతగా చూసి, తనూ నోరంతా తెరిచి నవ్వడం మొదలుపెట్టింది. గంగరాజు గరిట పట్టుకునే గోడకి చేరగిలబడ్డాడు. ఆయనకి అంత సంతోషం మొదటి లాకు తలుపులెత్తిన రోజున కూడా కలగలేదు.

ఆ వేసవంతా ఇంట్లో ఆ నవ్వు వినబడింది. గంగరాజు పనిమీద కలిదిండి వెళ్ళినా, ఎక్కడికి వెళ్ళినా, సాయంత్రానికి ఇంటికి చేరుకునేవాడు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పింగాణీ పన్ను సంగతి చెప్పేవాడు. డాక్టరు పెట్టాడు గానీ నీళ్ళు కట్టింది నేనని మాత్రం తప్పకుండా కలిపేవాడు.

వానలు పట్టిన నెలకి, ఒక మధ్యాహ్నం, నాగరత్నం పెరుగన్నం తింటూ ఆగింది. నోట్లోంచి ఏదో తీసి కంచం అంచున పెట్టింది. పింగాణీ పన్ను.

ఆమె ఎడమచెయ్యి లేచింది, కొంగు నోటికి అడ్డం వచ్చింది. నాలుగు నెలల్లో మరచిపోయిందనుకున్న ఆ కదలిక ఎంత తేలిగ్గా తిరిగొచ్చిందో గంగరాజు చూశాడు. ఆ బాధను ఏం చెయ్యాలో తెలియక దాన్ని కోపంగా మార్చుకున్నాడు. అది ఆయనకి బాగా అలవాటైన పని.

"చెరుకు కొరికావా? లేదు. తేగ నమిలావా? లేదు. పెరుగన్నంలో ఊడిందంటే అది సిమెంటేనా? పద, తేల్చుకుందాం."

మర్నాడు పొద్దున్న ఏలూరు చేరేదాకా రైలుపెట్టెలో ఆయన డాక్టరుతో మాట్లాడాల్సిన మాటలన్నీ కిటికీతో మాట్లాడాడు. నాగరత్నం ఒళ్ళో చిన్న భరిణె పెట్టుకుని, కొంగు తియ్యకుండా కూర్చుంది. భరిణెలో పన్ను ఉంది.

ఎలీయాజరు గారు మేస్త్రీ కోపమంతా ఓపిగ్గా విన్నాడు. ఎదురు చెప్పలేదు. తగ్గను కూడా లేదు. "రెండేళ్ళలో నలభై తొడుగులు పెట్టానండి. ఊడిపోయి వెనక్కొచ్చింది ఇదే మొదటిది. సరిగ్గా పట్టిందంటే పదేళ్ళు, పదిహేనేళ్ళు ఉండాలి. కలకత్తాలో మా మాస్టారు పెట్టినవి అలా ఉన్నవాటిని కళ్ళారా చూశాను. ఇది నాలుగు నెలలకే ఎందుకు వదిలిందో నాకూ తెలియాలి." తొడుగును చిమటాతో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. "పింగాణీకి ఏమీ కాలేదు. సిమెంటే..."

"ఇలా ఇవ్వండి" అన్నాడు గంగరాజు.

భూతద్దం చేతికి రాగానే ఆయన కోపం ఎటు పోయిందో పోయింది. ఒంటికన్నుతో లోపలికి చూశాడు. సన్నటి సూది అడిగి తీసుకుని గీకి చూశాడు. ఇది ఆయన రాజ్యం. కూలిన తూములనూ బీటలిచ్చిన గట్లనూ చూసి కారణం చెప్పమని పెద్ద ఇంజనీర్లు తనని పిలిపించిన సందర్భాలున్నాయి.

"నడుమ చూశారా, సూది దిగట్లేదు. అక్కడ బ్రహ్మాండంగా ఉంది. అంచు చుట్టూ మాత్రం పిండిలా రాలుతోంది. కొరికితే ఊడిందయితే నడిమధ్యకి పగిలేదండీ. ఇది బరువుకి ఊడింది కాదు. అంచుల్లోంచి నీరు తింటూ తింటూ లోపలికి వచ్చింది. తూము పునాది కింద కోత పడ్డట్టు."

"నోరంటేనే నీళ్ళు కదండీ" అన్నాడు డాక్టరు.

"నీళ్ళయితే ఏమైందండీ? నా లాకులు పద్దెనిమిదేళ్ళుగా నీళ్ళలోనే ఉన్నాయి. ఒకసారి బిగిసిన సిమెంటుని నీరేమీ చెయ్యలేదు. బిగియకముందు తగిలిందా, అంతే సంగతులు. పైకి రాయిలాగే కనబడుతుంది, తట్టినా రాయిలాగే మోగుతుంది. కానీ అంచున సారమంతా అప్పుడే కడుక్కుపోయి ఉంటుంది. ఇక నెలల మీద మెల్లగా రాలుతుంది. ఇలాంటివి నేను వంద చూశాను డాక్టరు గారూ. దీని మీదికి, పచ్చిగా ఉండగానే, ఎవడో నీళ్ళు..."

సూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆ 'ఎవడో' ఎవడో ఆయనకి ఎదురుగా కనిపించాడు. వరండాలో, కుండ పక్కన, గ్లాసు నింపుతూ. బిగిసేదాకా ఆగి మర్నాడు నీళ్ళు కట్టడమనేది పని నేర్చుకునే కూలీకి కూడా చెప్పే మొదటి పాఠం. డాక్టరు వేలితో పట్టుకున్న కాసేపటికే గట్టిపడింది కదా, బిగియడం అయిపోయిందనుకున్నాడు.

డాక్టరుకి ఇవేమీ తెలియవు. ఆయన తనలో తను ఆలోచించుకుంటున్నాడు. "అవునండీ. ఇది పైకి అయిదు నిమిషాల్లో బిగిసినట్టుంటుంది, సరిగ్గా గట్టిపడడానికి గంట పైనే పడుతుంది. అయితే ఆ రోజు దూది నేనే సరిగ్గా పెట్టి ఉండను. ఉమ్ము తగిలి ఉంటుంది. తప్పు నాదేనండి మేస్త్రీ గారూ. మన్నించండి, మళ్ళీ పెడతాను."

అంత తేలిగ్గా అన్నాడు. చదువుకున్నవాడు, పేరున్నవాడు, కోప్పడడానికి వచ్చిన మనిషి ముందు నిలబడి, తనది కాని తప్పును తనదేనన్నాడు. గంగరాజు సూదిని మెల్లగా కింద పెట్టాడు.

కుర్చీలోంచి నాగరత్నం గొంతు వినబడింది, కొంగు చాటునుంచి. "మీ తప్పేం లేదు బాబూ. ఆ రోజు నాకు బాగా దాహం వేసింది. మీరు చెప్పినా వినకుండా వరండాలో కుండలో నీళ్ళు తాగేశాను. ఈయనకి తెలియదు."

డాక్టరు "అలాగా అమ్మా" అని, ఫరవాలేదన్నట్టు తలాడించాడు. అంతటితో అయిపోయేది. గంగరాజు చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే. ఎలా ఊరుకోవాలో ఆయనకి పన్నెండేళ్ళుగా తెలుసు. ఆమె ఈసారి కూడా దారి శుభ్రంగా ఊడ్చి పెట్టింది, తాను నడిచిపోతే చాలు. సిగ్గుతో ఆయన చెవులు మండాయి. తన గొప్పతనమంతా ఇన్నేళ్ళూ ఎవరి నోటికి అడ్డంపెట్టిన కొంగు మీద నిలబడి ఉందో ఆయనకి ఇప్పుడు తెలిసింది.

"ఆవిడ తాగలేదండీ" అన్నాడు. "నేనే పట్టించాను. కుర్చీ దిగి పది అడుగులు వెయ్యకముందే పట్టించాను. ఏడు రోజులు పట్టించాను."

"ఏడు రోజులా?"

"సిమెంటు కదండీ" అన్నాడు గంగరాజు, తలొంచుకుని.

ఎలీయాజరు గారు మొహం పక్కకి తిప్పుకుని గాజు పలకను తుడవడం మొదలుపెట్టాడు. అవసరమైన దానికంటే ఎక్కువసేపే తుడిచాడు. తర్వాత మాత్రం మామూలు గొంతుతో, "తొడుగు బాగానే ఉంది. పాతదంతా గీకేసి ఇప్పుడే పెట్టేస్తానమ్మా" అన్నాడు.

తొడుగు లోపలంతా శుభ్రం చేసి, పన్ను తుడిచి, ఈసారి పెదవి లోపల, బుగ్గల్లో, నాలుక కింద దట్టంగా దూది కూరాడు. నాగరత్నం నోరు తెరుచుకుని, మాట్లాడే వీలు లేకుండా, పైకి చూస్తూ కూర్చుంది. డాక్టరు పలక మీద పొడి కలపడం మొదలుపెట్టాడు.

గంగరాజుకి ఇదే సమయమని తోచింది. ఆమెకి ఇప్పుడు అడ్డు చెప్పడం కుదరదు. మెట్టు అనడానికీ లేదు, నాచు అనడానికీ లేదు.

"డాక్టరు గారూ, ఆ పన్ను మెట్టు జారి విరిగింది కాదండీ."

నాగరత్నం కళ్ళు గిర్రున ఇటు తిరిగాయి. గొంతులోంచి "ఊఁ... ఊఁ..." అని వచ్చింది.

"నువ్వుండు రత్నం. ఇన్నేళ్ళూ నువ్వే చెప్పావు, ఈసారి నన్ను చెప్పనీ." ఆయన మళ్ళీ డాక్టరు వైపు తిరిగాడు. "పరంజా మీదున్నది నేను. తాడు నా చేతిలో ఉంది. ఈవిడ కనిపించిందన్న సంబరంలో చెయ్యి ఊపాను, గుండు జారి ఈవిడ నోటి మీద పడింది. ఓవర్సీరు ముందు నా పేరు పోతుందని ఈవిడ అబద్ధమాడింది. నేను ఊరుకున్నాను. ఆ రోజే చెప్పాల్సింది. కనీసం ఇంటికెళ్ళాకైనా ఈవిడతో ఒక్క మాట అనాల్సింది. అనలేదు. తప్పు నాది రత్నం. అప్పటిదీ నాదే, ఇదీ నాదే."

నాగరత్నం కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. రెండు చెంపల మీదుగా కారి దూదిలోకి దిగుతున్నాయి. డాక్టరు తొడుగులో సిమెంటు నింపి, పట్టుకుని, ఎవరి మొహమూ చూడలేక పన్ను కేసే చూస్తూ నిలబడ్డాడు.

గంగరాజు పైగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది. దిగేసరికి పాత మనిషి కొంచెం తలెత్తాడు.

"గుండు మాత్రం తిన్నగానే దిగిందండీ" అన్నాడు. "అంత గాలిలో కూడా వెంట్రుకవాసి పక్కకి పోలేదు. నా తూకం ఎప్పుడూ తప్పదు."

నాగరత్నం ముందు ముక్కుతో ఒక చప్పుడు చేసింది. తర్వాత భుజాలు కదిలాయి. డాక్టరు "అమ్మా, కదలకండమ్మా" అంటూనే ఉన్నాడు, నోట్లోంచి ఒక దూది ముక్క ఎగిరి ఆయన కోటు మీద పడింది, ఇంకోటి ఆమె ఒళ్ళో పడింది. ఇక ఆమె ఆపుకోలేదు. విరిగి, అరిగిన ఆ మోడు పన్ను కిటికీ వెలుగులో పూర్తిగా కనబడేలా, తల వెనక్కి వాల్చి, కన్నీళ్ళతోనే, గది దద్దరిల్లేలా నవ్వింది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీదే ఉన్నాయి. ఏ ఒక్కటీ లేవలేదు. బయట వరండాలో పన్నునొప్పితో కూర్చున్న వాళ్ళెవరో ఏం జరిగిందో తెలియకుండానే నవ్వడం లోపలికి వినబడింది.

ఎలీయాజరు గారు చేతిలో తొడుగు కేసి, పలక మీద మిగిలిన ముద్ద కేసి చూశాడు. పుల్లతో తట్టాడు. టక్కుమంది.

"గట్టిపడిపోయిందండీ మేస్త్రీ గారూ. ఇదంతా మళ్ళీ గీకి, మళ్ళీ కలపాలి."

"కలుపుదురు గానీ లెండి" అన్నాడు గంగరాజు, భార్య మొహం మీంచి చూపు తిప్పకుండా. "తొందరేమీ లేదు."